ఫిర్యాదుల మేడమ్ మీద పెట్టిన తూకపు రాయి

“పాపని నేనే కింద పడేస్తానేమో.”

ఆ మాట విన్నది బాల్కనీ తలుపొక్కటే. అన్నవాడు దాని గడియకి కొత్త తాళం బిగిస్తున్నాడు. లోపలి గదిలో భార్య పాపకి పాలు పడుతోంది. హాల్లో అత్తగారు ఫోనులో తన మోకాళ్ళ నొప్పుల గురించి అవతలివాళ్ళ మోకాళ్ళు కూడా నొప్పి పుట్టేలా వర్ణిస్తోంది.

“తాళమెందుకు అల్లుడూ?” అంది ఆవిడ, ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి.

“దొంగలత్తయ్యా.”

“మూడో అంతస్తుకా? గోడ పాక్కుంటూ వచ్చి మన పొత్తిగుడ్డలు ఎత్తుకుపోతారా?” అని, చెయ్యి తీసేసి, “మా మిల్లీగ్రాము అల్లుడు గుడ్డలకి తాళం వేస్తున్నాడే” అని ఫోనులో చెప్పి విరగబడి నవ్వింది.

అల్లుడి అసలు పేరు అత్తగారు కూడా మర్చిపోయే స్థితికి వచ్చింది. భౌతికశాస్త్రం పెద్ద చదువు చదివి, తూకాలు సరిచూసే కంపెనీలో చేరాడు. పచారీ కొట్టు దగ్గర్నుంచి మందుల ఫ్యాక్టరీ దాకా ఎవరి త్రాసు ఎంత అబద్ధమాడుతోందో చెప్పడం అతని పని. మెత్తటి గుడ్డ పరిచిన పెట్టెలో తళతళలాడే ఉక్కు ముక్కలు ఉంటాయి. వాటినే తూకపు రాళ్ళంటారు. వాటిని ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు, వేలి జిడ్డు కూడా బరువే. ఇలాంటివి పెళ్ళిచూపుల్లో కూడా చెప్పబట్టే మిల్లీగ్రాము అనే పేరు ఆఫీసు దాటి ఇంటిదాకా వచ్చింది. ఆ పనిలో అతను నేర్చుకున్నది ఒకటే. ఏ త్రాసునీ దాని మొహం చూసి నమ్మకూడదు. ముందు తెలిసిన బరువు పెట్టి చూడాలి. అది సరిగ్గా చూపిస్తేనే తెలియని సరుకు పెట్టాలి.

ఇంత తెలిసినవాడికి ఆ భయం ఎలా పట్టుకుందో చూడండి. పాప పుట్టిన కొత్తలో ఓ సాయంత్రం, భుజాన వేసుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. కింద ఎవరో సైకిలు తుడుచుకుంటున్నారు. చక్కటి గాలి. అప్పుడు తలలో ఎవరో చెప్పినట్టు, ‘ఇప్పుడు వదిలేస్తే?’ అనిపించింది. అంతే. కారణం లేదు, కోపం లేదు. చెమటలు పట్టి, పాపని మంచం మధ్యలో పడుకోబెట్టి, చుట్టూ దిండ్లు పేర్చి, స్నానాల గదిలోకి పోయి నేల మీద కూలబడ్డాడు. ఆ రోజు నుంచి ఆ మాట తలలో కాపురం పెట్టింది. పాప నవ్వితే వచ్చేది, ఏడిస్తే వచ్చేది. అసలు అంత పనీపాటా లేని ఆలోచన ఇంకోటి ఉండదు.

దాని వెనకే దిగులు దిగింది. పొద్దున్న లేవబుద్ధి కాదు. ఏది తిన్నా అట్టముక్క నమిలినట్టే. పాపని ఎత్తుకోమంటే చేతికి జిడ్డు, ముక్కుకి జలుబు, జేబులో ఫోను. ఒక్కో రోజు ఒక్కో సాకు. భార్య మొదట నవ్వింది, తర్వాత చిరాకుపడింది, ఆ తర్వాత ఎత్తుకోమని అడగడం మానేసింది. మానెయ్యడమే అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకుంది.

శాస్త్రం చదివినవాడు కాబట్టి చదివాడు. కొత్తగా తల్లిదండ్రులైనవాళ్ళలో చాలామందికి ఇలాంటి అక్కర్లేని ఆలోచనలు వస్తాయని, అవి వచ్చినంత మాత్రాన ఎవరూ ఆ పని చెయ్యరని పరిశోధన పత్రాల్లో రాసి ఉంది. చదివినంతసేపూ ప్రాణం కుదుటపడేది. పక్కన పెట్టగానే, ఆ చాలామందిలో నేను లేనేమో అనిపించేది. మళ్ళీ ఇంకో పత్రం వెతికేవాడు.

అసలు గండం ముందుంది. భార్య బడిలో లెక్కల టీచరు. బడి పొద్దుటి పూటే. ప్రసవం సెలవు అయిపోవస్తోంది. అత్తగారు తన ఊరు వెళ్ళిపోతారు. “నేను మధ్యాహ్నం షిఫ్టు వేయించుకుని పొద్దున పాపని చూసుకుంటా” అని, పాప కడుపులో ఉండగానే ఈ మహానుభావుడు గొప్పగా మాటిచ్చాడు. ఇప్పుడు నిజం చెబితే భార్య పాపని తీసుకుని పుట్టింటికి పోతుందని భయం. చెప్పకపోతే ఒక పొద్దున తనూ, పాపా, ఆ బాల్కనీ మిగులుతారని భయం.

అందుకని ఎవరికీ చెప్పకుండా, మనసు బాగుచేసేవాళ్ళని వెతకడం మొదలుపెట్టాడు. వెతికిన పద్ధతి మాత్రం అతనికే తగింది.

ముక్కూ మొహం తెలియని మనిషి ముందు ఇంత పెద్ద సంగతి ఎలా పెడతాడు? ముందు తెలిసిన బరువు పెట్టాలి కదా. కూర్చుని ఒక నమూనా బాధ తయారుచేశాడు. “మా అధికారి నన్ను అందరి ముందూ అవమానిస్తున్నాడు. నిద్ర పట్టడం లేదు. పాప పుట్టిన దగ్గర్నుంచి మరీ ఎక్కువైంది. ఉద్యోగం మానేద్దామనిపిస్తోంది.” నిజానికి ఆ అధికారి చీమకి కూడా దారిచ్చి నడిచే మనిషి. పాప మాట ఒక్కటే ఆ మధ్యలో నిజం. చెవులున్నవాడెవడైనా అక్కడ ఆగి, పాప సంగతేమిటని అడుగుతాడు. అడిగితే పాసు. లేకపోతే వాడి త్రాసుకో దండం.

మొదటాయన గాజు మేడలో ఉండేవాడు. గదిలో మూలన చిన్న ఫౌంటెను ఒకటి సన్నగా కారుతూ ఉండేది. మనసుకి హాయి కోసమట. మిల్లీగ్రాముకి వచ్చింది హాయి కాదు, వేరే అవసరం. ఆయన గొంతు పసిపిల్లల్ని జోకొట్టేటంత మెత్తన. చెప్పిందంతా తలూపుతూ విని, కళ్ళు సగం మూసి, “అంటే... మీకు అవమానంగా అనిపిస్తోంది” అన్నాడు.

“అవునండీ. అదే చెప్పాను.”

“చెప్పానని మీకు అనిపిస్తోంది.”

“అనిపించడం కాదండీ, ఇప్పుడే చెప్పాను.”

“కొంచెం కోపం కూడా వస్తోంది.”

“ఇప్పుడే వస్తోందండీ.”

“చాలా మంచిది” అన్నాడాయన, పరమ సంతృప్తిగా. ఆ గంటంతా అలాగే జరిగింది. ఇతను వేసిన బంతిని గోడ ఇతనికే తిరిగి ఇచ్చింది. గోడయితే ఊరికే ఇచ్చేది. పాప మాట ఆ ఫౌంటెనులో పడి కొట్టుకుపోయింది.

రెండో ఆవిడ పాప మాట దగ్గర ఆగింది. మిల్లీగ్రాము కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. “పాపా? అయ్యో, నాకూ ఒక పాపే” అని మొదలుపెట్టి, ఆ పాప తండ్రి ఎంత దుర్మార్గుడో, ఎలా విడిపోయిందో, ఆ దుఃఖంలోంచి తను ఎంత ఎత్తుకి ఎదిగిందో, ఆ ఎదుగుదల మీద ఎక్కడెక్కడ ఉపన్యాసాలిచ్చిందో అంతా చెప్పింది. మధ్యలో కన్నీళ్ళు పెట్టుకుంది. రుమాలు ఇతనే ఇచ్చాడు. ఓదార్చాడు కూడా. లేవబోతుంటే ఆవిడ ముక్కు తుడుచుకుని, “వచ్చేవారం తప్పకుండా రండి, మాట్లాడుకుంటే తేలికవుతుంది” అంది. ఎవరికి తేలికవుతుందో చెప్పలేదు. రుమాలు కూడా తిరిగివ్వలేదు.

మూడోవాడు వీడియోలో దొరికాడు. కుర్రాడు. తెరమీద ఎక్కువగా వాడి ఇంటి సీలింగు ఫ్యాను కనబడింది. “పాజిటివ్‌గా ఉండు బ్రో, లైఫ్ చాలా అందమైంది” అంటుండగా నెట్టు పోయింది. ఫ్యాను మాత్రం చివరిదాకా తిరిగింది.

మిల్లీగ్రాముకి ఓ విచిత్రమైన తృప్తి కలిగింది. చూశావా, ఒక్కడూ పనికిరాడు అని. ఒక్కొక్కరికీ పేరు పెట్టి, వాళ్ళలా మాట్లాడి, తనకి తనే నవ్వుకునేవాడు. నవ్వినంతసేపూ ఊపిరాడేది. ఈలోగా ఇంట్లో ఆ తిరుగుళ్ళ సంగతి బయటపడింది. ఎందుకని నిలదీస్తే, నోటికొచ్చిన ఆ అధికారి కథే అప్పజెప్పాడు.

“మగాళ్ళక్కూడా ఈ దిగుళ్ళు వస్తాయా?” అంది అత్తగారు. “మీ మామగారు ముగ్గురు పిల్లల్ని కన్నారు, ఒక్కరోజైనా దిగులుపడ్డారా?”

“నాన్న కనలేదమ్మా, నువ్వు కన్నావు” అంది భార్య.

“అదే, అందుకే పడలేదు. పొద్దున్నే లేచి నడవమను. నడిస్తే అన్నీ పోతాయి.”

భార్య నవ్వలేదు. అతని వైపు చూసి, “ఆఫీసులో అంత కష్టంగా ఉంటే నాకెందుకు చెప్పలేదు నువ్వు?” అంది. నమూనా బాధ ఇంట్లో కూడా చెలామణి అయిపోయిందని అప్పుడర్థమైంది. ఇక దాన్ని వెనక్కి తీసుకునే ధైర్యం కూడా లేకపోయింది.

పాపకి టీకా వేయించిన రోజున కథ మలుపు తిరిగింది. పిల్లల డాక్టరు దగ్గర నర్సు సూది సిద్ధం చేసి, “పాపని నాన్న పట్టుకోండి” అంది. నాన్నగారు చప్పున వెనక్కి జరిగి, పసిపిల్లల్ని తూచే త్రాసు దగ్గరికి పోయి దాని ముల్లు పరీక్షించడం మొదలుపెట్టాడు.

“అది బాగానే ఉంది, పోయినసారి మీరే వచ్చి సరిచేశారు. ముందిటు రండి. సూది పాపకండీ, మీక్కాదు.”

అతను చేతులు రెండూ జేబుల్లో దోపుకున్నాడు. నర్సు ఆ జేబుల వైపు చూసింది. ఇంకేమీ అనకుండా పాపని తల్లి ఒళ్ళో పెట్టించి పని కానిచ్చింది. వెళ్ళేటప్పుడు మాత్రం వరండాలో వెనకే వచ్చి, “పాప పుట్టాక దిగులుగా ఉంటోందా?” అంది.

“ఎవరికి?”

“మీకేనండీ. గోడకేమీ ఉండదు కదా.” ఒక చోటు చెప్పింది. దర్జీ కొట్టు పైన గది. “ఫిర్యాదుల మేడమ్ అంటారు. మాట కాస్త మోటు. కానీ వింటుంది.”

ఇంకో త్రాసు అనుకుంటూ వెళ్ళాడు. నమూనా బాధ నోటికి బాగా అలవాటైపోయింది, ఈసారి దారిలో ఓసారి వల్లెవేసుకోవాల్సిన పని కూడా లేకపోయింది.

ఆ గదిలో మునుపు పళ్ళ డాక్టరు ఉండేవాడు కాబోలు, నోరు కడుక్కునే తొట్టి మూలన ఇంకా ఉంది. అందులో ఏదో తీగ మొక్క పెంచుతోంది ఆవిడ. రెండు కుర్చీలు, ఒకదానికొకటి పొత్తు కుదరనివి. కింద కుట్టు మిషను ఆగి ఆగి చప్పుడు చేస్తోంది. ఆవిడకి యాభై దాటి ఉంటాయి, విపరీతమైన జలుబు.

“ముక్కు చీదుకుంటూ ఉంటాను, ఏమీ అనుకోకండి. చెప్పండి.”

చెప్పాడు. ఆవిడ తలూపలేదు, కళ్ళు మూసుకోలేదు, అయ్యో అనలేదు.

“అయిపోయిందా?”

“అయిపోయిందండీ.”

“బాగుంది. ఎక్కడా తడబడలేదు. ఇదివరకు ఎంతమందికి చెప్పారు?”

మిల్లీగ్రాము మొహం మాడిపోయింది. “అంటే... నేను అబద్ధం చెబుతున్నానా?”

“ఆ. నిజంగా బాధలో ఉన్నవాళ్ళు చివరిది ముందు చెబుతారు, చెప్పిందే మళ్ళీ చెబుతారు, మధ్యలో ఏం చెబుతున్నారో మర్చిపోతారు. మీరు వార్తలు చదివినట్టు చదివారు. మీ అధికారెవరో పాపం, నాకు ఆయన మీదే జాలేస్తోంది.” ముక్కు తుడుచుకుంది. “పాప పుట్టిన మాటొక్కటీ నిజం. అక్కడ మీ గొంతు దిగిపోయింది.”

ఆ మాటని అక్కడ పెట్టింది తనే. గొంతు దిగడం మాత్రం తను పెట్టింది కాదు. కాసేపు ఉక్రోషపడి, లేచిపోదామనుకుని, చివరికి ఉన్నదంతా కక్కేశాడు. తూకపు రాళ్ళ సంగతి, ఫౌంటెనాయన, రుమాలావిడ, ఫ్యాను కుర్రాడు. చెబుతూ చెబుతూ వాళ్ళ గొంతులు కూడా అనుకరించాడు. ఆవిడ నవ్వీ నవ్వీ దగ్గు తెరలో పడింది.

“అంటే ఇప్పుడు నా మీద రాయి పెట్టి చూశారన్నమాట! ముల్లు సరిగ్గా నిలబడిందా?”

“నిలబడిందండీ.”

“సంతోషం. ఇంతకీ సరుకు ఎప్పుడు తూస్తారు? ఆ ముగ్గురూ వెధవాయిలే అయ్యుండొచ్చు, నేను కాదనను. కానీ వాళ్ళకి మీరు నిజం చెప్పిందెప్పుడు? నకిలీ నొప్పి చూపించి, అసలు మందు ఇవ్వలేదని ఏడుస్తున్నారు. పోనీ ఒకడు పాసయితే ఏం చేసేవారు? ఇంకో రాయి పెట్టేవారు. మీకు డాక్టరు దొరక్కపోవడమే బాగుంది. దొరికితే చెప్పాల్సి వస్తుంది.”

మిల్లీగ్రాము వెటకారాలన్నీ ఒక్కసారిగా ఆవిరైపోయాయి.

ఆవిడ లేచి తన కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని, అతనికి వీపు పెట్టి కూర్చుంది. “మొహం చూస్తూ చెప్పలేరు లెండి. నేనూ మొహాలు చూస్తూ వినడం నేర్చుకున్నదాన్ని కాదు. ఫోను అనుకోండి. లైను కలిసింది. చెప్పండి.”

అలా ఎందుకు కూర్చుందో తర్వాత తర్వాత తెలిసింది. ఆవిడ వయసులో ఉండగా టెలిఫోను ఆఫీసులో ఫిర్యాదులు తీసుకునే సీట్లో పనిచేసింది. పొద్దున్న చెవికి తగిలించుకుంటే సాయంత్రం దాకా తిట్లే. ఫోను మూగపోయిందని, గరగరలాడుతోందని, బిల్లు తప్పని జనం ఆవిడ ఏడు తరాల్నీ కడిగేవాళ్ళు. పక్క సీట్లవాళ్ళు తిరిగి తిట్టేవాళ్ళు, లేదా లైను కట్ చేసేవాళ్ళు. ఈవిడ కట్ చేసేది కాదు. తిట్లు అయిపోయాక ఊరికే ఉండేది. కాసేపటికి అవతలివాళ్ళే, “మా ఆయన ఫోను చేస్తానన్నాడండీ” అనో, “ఆసుపత్రి నుంచి కబురు రావాలండీ” అనో గొంతు తగ్గించేవాళ్ళు. తిట్టేది ఒకదాని గురించి, ఏడ్చేది ఇంకోదాని గురించి అని ఆవిడకి అక్కడే పట్టుబడింది. ఆ సీట్లో కూర్చోడానికి యంత్రాన్ని తెచ్చాక, ఆఫీసువాళ్ళు ఆవిడని ఇంటికి పంపేశారు. ఆవిడ పోయి, కూతురి ఈడు పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని మనస్తత్వ శాస్త్రం చదివింది. పెద్దాసుపత్రిలో ఏళ్ళ తరబడి డాక్టర్ల కింద పని నేర్చుకుంది. “ఈ వయసులో పిచ్చాళ్ళతో నీకేం పని?” అని అన్నగారు అడిగితే, “మీ అందరితో వేగాక ఇదొక లెక్కా?” అందట. ఆ సంగతి చెప్పింది కింద దర్జీ. ఆవిడ తన కథ తనెప్పుడూ చెప్పలేదు. అడిగితే, “మీరిక్కడికి నా గురించి వినడానికి రాలేదు” అని కొట్టిపారేసేది. రుమాలావిడ బతుకంతా తెలిసిన మిల్లీగ్రాముకి ఈవిడకి పిల్లలెంతమందో కూడా సరిగ్గా తెలియదు.

ఆ రోజు మాత్రం ఆ వీపు వంక చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. కింద మిషను రెండు మూడు అంగీలు కుట్టి ఉంటుంది. ఆవిడ తొందరపెట్టలేదు.

“పాపని నేనే కింద పడేస్తానేమో.”

ఆవిడ వెనక్కి తిరగలేదు. పోలీసుల్ని పిలవలేదు. జలుబు గొంతుతోనే, “పడెయ్యాలని ఉందా, పడేస్తానేమోనని భయమా?” అంది.

“భయం.”

“పాప మీద కోపమొస్తుందా?”

“లేదు. ఎప్పుడూ రాలేదు.”

“ఆ మాట వచ్చినప్పుడు ఏం చేస్తారు?”

“పాపని దూరంగా పెడతాను. బాల్కనీకి తాళం వేశాను. తాళంచెవి నాకే దొరక్కూడదని పాత బూటులో దాచాను.”

“మీరు చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?”

“అంత దూరం వెళ్ళలేదు. లేవాలని లేదు, అంతే.”

అప్పుడు కుర్చీ తిప్పింది. ఆ మొహంలో అసహ్యం కోసం వెతికాడు, కనబడలేదు. జాలి కోసం వెతికాడు, అదీ లేదు. లైనులో ఎక్కడ తెగిందో తెలిసిన మనిషి మొహంలా ఉంది.

“ఇది నాకు తెలిసిన రోగమే. మీరూ చదివే ఉంటారు, చదువుకున్నవాళ్ళు కదా. చదివి ఏం ఒరిగింది?” అంది. తర్వాత గొంతు తగ్గించి, “ఇన్నాళ్ళూ దీన్ని ఒక్కరే మోస్తున్నారా?” అంది.

ఆ ఒక్క ముక్కకి అతను ఏడ్చేశాడు. వెక్కి వెక్కి, చిన్నపిల్లాడిలా. ఆవిడ ఏడవనిచ్చింది. ఊరుకోండి అనలేదు, భుజం తట్టలేదు. ఏడుపు దానంతటది ఆగాక మొక్కకి చెంబుతో నీళ్ళు పోసి, అదే చెంబుతో అతన్నీ మొహం కడుక్కోమంది.

“ముందు ఇంటికెళ్ళి మీ ఆవిడకి చెప్పండి. నమూనా కాదు, అసలుది. దిగులుకి డాక్టర్ని కూడా కలవండి, చీటీ రాసిస్తాను. మందు కావాలో వద్దో ఆయన చూస్తాడు. మందు ఇచ్చేదాన్ని కాను నేను, వద్దనేంత మూర్ఖురాల్నీ కాను.”

“నేను నిజంగా పడెయ్యను కదా మేడమ్?”

“ఆ ప్రశ్న నన్ను ఇంకోసారి అడగకండి. ఇవాళ కాదంటాను, ఇంటికెళ్ళేదాకా పనిచేస్తుంది. రేపు మళ్ళీ అడగాలనిపిస్తుంది. మీ పరిశోధన పత్రాల్లాగే.”

భార్యకి చెప్పడం బాల్కనీ కన్నా ఎత్తుగా కనబడింది. పాపకి బట్టలు మారుస్తుంటే వెనక నిలబడి, ఆవిడ వీపుతోనే చెప్పాడు. ఆ పద్ధతి అప్పటికే పట్టుబడింది. భార్య చేతులు ఆగాయి.

“అందుకా తాళం?”

“ఊఁ.”

“నేను... నీకు పాపంటే ఇష్టం లేదనుకున్నాను.” అంటూ ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రబడ్డాయి. “ఇన్నాళ్ళూ ఎన్ని రకాలుగా చచ్చానో తెలుసా నీకు? ఆడపిల్ల పుట్టిందని అలా ఉన్నావేమోనని కూడా అనుకున్నాను. చెబితే నీ సొమ్మేం పోయేది?”

“నువ్వు వెళ్ళిపోతావని.”

“వెళ్తే మా అమ్మ దగ్గరికి వెళ్ళాలి. ఆ మోకాళ్ళ కథ రోజూ ఎవడు వింటాడు?” ఏడుస్తూనే నవ్వింది. “మరి మీ ఆఫీసాయన? రాక్షసుడన్నావు?”

“ఆయన పాపం చాలా మంచాయన.”

“ఛీ. ఆయన్ని నేనెంత తిట్టుకున్నానో!”

అత్తగారికి కూడా చెప్పక తప్పలేదు. ఆవిడ మోగుతున్న ఫోను కూడా ఎత్తలేదు, అదే అందరికీ వింతగా తోచింది. చివరికి, “నడకతో పోదా ఇది?” అంది. పోదన్నారు. “సరే, పోయేదాకా ఇంకొన్నాళ్ళు ఉంటాలే” అని, ఫోను తీసుకుని ఊళ్ళో ఎవరికో మోకాళ్ళ మీద నెపం పెట్టి ప్రయాణం వాయిదా వేసింది. ఆ మోకాళ్ళు ఎవరికైనా పనికొచ్చాయంటే అప్పుడే.

ఆ తర్వాతి వారాల్లో మేడమ్ పని మొదలైంది. పాపని హాల్లో ఎత్తుకోవడం. తర్వాత మూసిన బాల్కనీ తలుపు దగ్గర. తర్వాత తెరిచిన తలుపు దగ్గర. భయం వచ్చినా పారిపోకుండా, అది తగ్గేదాకా అక్కడే నిలబడటం. చెప్పుకుంటే ఇంతే. చేస్తుంటే అంగీ తడిసిపోయేది. రెండుసార్లు మధ్యలో పాపని భార్య చేతిలో కుక్కి పారిపోయాడు. మేడమ్ దగ్గరికి తలవంచుకుని వెళితే, “పారిపోయారా? బాగుంది, కాళ్ళు పనిచేస్తున్నాయి. రేపు మళ్ళీ నిలబడండి” అంది. డాక్టరిచ్చిన మందుతో తిండి మెల్లగా తిండిలా అనిపించసాగింది.

ఒకరోజు కూర్చుని వాదించాడు. భయం వచ్చినప్పుడల్లా దానికి లెక్కలు చెబుతున్నాను, రుజువులు చూపిస్తున్నాను, అయినా పోదేమిటని.

మేడమ్ అతని వంక ఎగాదిగా చూసింది. “ఆ ఫౌంటెనాయన్ని ఎంత బాగా వెక్కిరించారు మీరు! నేను ఇప్పటికీ తలుచుకుని నవ్వుకుంటాను. ఆ రుమాలావిడ, ఆ ఫ్యాను. మనుషుల్లో ఒక్కణ్ణి వదల్లేదు. మరి ఈ భయం ఏ గొప్పింటి బిడ్డ? దీనికి మాత్రం కుర్చీ వేశారు, తాళాలు కొనిపెట్టారు, పరిశోధన పత్రాలు చదివి వినిపించారు. అది అన్నేసిసార్లు వచ్చి చెప్పింది ఒక్కటంటే ఒక్కటి నిజమైందా? అంత తప్పుడు త్రాసు ఏ కొట్లో అయినా కనబడితే ఏం చేస్తారు?”

“ఇక వాడకుండా సీలు వేస్తాను.”

“వేస్తారు. దాంతో కూర్చుని వాదించరు కదా.”

భార్య బడికి వెళ్ళిన మొదటి పొద్దున, అత్తగారు కూడా నిజంగానే ఊరెళ్ళిపోయాక, ఇంట్లో ఇద్దరే మిగిలారు. పాప గుడ్డ తడిపింది, ఉతికినవేమో బాల్కనీలో తీగ మీద ఆరుతున్నాయి. మిల్లీగ్రాము ఇప్పటికీ పాత బూటులోనే పెడుతున్న తాళంచెవి తీశాడు. పాపని భుజాన వేసుకున్నాడు. చేతికి వేలి జిడ్డు, పాప చొంగ, అన్నీ అంటుకున్నాయి. తలుపు తెరవగానే ఆ మాట తన వేళకి వచ్చింది, ఇప్పుడు వదిలేస్తే అని. పాప అతని చెవి పట్టుకుని పీకింది.

అప్పుడు అతను మేడమ్ చెప్పింది చేశాడు. ఈ రోజుకీ అదే చేస్తాడు. కొన్ని రోజులు తేలిగ్గా, కొన్ని రోజులు పళ్ళు బిగించి. ఆవిడ ముక్కు చీదుకుంటూ చెప్పిన మాట ఇది.

“దాన్ని తరమకండి, బతిమాలకండి, రుజువులడగకండి. వచ్చావా, ఆ మూల నిలబడు, నాకు పనుంది అని చెప్పండి. చెప్పి, పిల్లని దించకుండా ఆ గుడ్డలు తీసుకురండి.”